ఏది ముందు, ఏది తర్వాత: మా నాయన జబ్బుకు పేరు తేలిన తీరు

నడక మందగించి, మతి కూడా తప్పుతున్న పెద్దమనిషిని న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకుపోతే మొదట ఎదురయ్యే ప్రశ్న స్కానింగు గురించి కాదు. "ఏది ముందు మొదలైంది?" అని. అనంతపురంలోనూ, తర్వాత బెంగళూరులోనూ మమ్మల్ని అడిగింది అదే. రెండు చోట్లా మా ఇంటివాళ్ల జవాబు ఒకటే: "చానా రోజుల్నుంచి ఇట్లే ఉండాడు సార్." మా నాయనది లెవీ బాడీ డిమెన్షియా, అంటే మతి, నడక రెండూ చెడే జబ్బు, అని ఫైలులో రాసేసరికి పద్నాలుగు నెలలయింది. అందులో సగం ఆ జవాబు వల్ల పోయిన కాలమే. నాది మందుల అంగడి. మాత్రల పేర్లన్నీ నోటికి వస్తాయి గానీ ఇంట్లో ఏది ఎప్పుడు మొదలైందో ఒక్క తారీఖు కూడా రాసిపెట్టుకోలేదు.

వరస ఎందుకంత ముఖ్యమంటే, ఈ జబ్బులన్నిటి దగ్గరా ఉన్న సరుకు ఒకటే. పార్కిన్సన్స్, లెవీ బాడీ, చూపు కిందికి దిగక మనిషి వెనక్కి పడిపోయే పి.ఎస్.పి., బీపీ, మూత్రం అదుపు తప్పే ఎం.ఎస్.ఏ., మెదడు గదుల్లో నీరు పెరిగే ఎన్.పి.హెచ్., సన్న రక్తనాళాలు పూడుకుపోయి వచ్చే మతిమరుపు, మాత్రల వల్ల వచ్చే బిగుసుకుపోవడం, వీటిలో చాలావాటిలో అడుగులు చిన్నవవుతాయి, మనిషి పడిపోతాడు, మాట మెల్లగా వస్తుంది, మూత్రం ఆగదు, ఎప్పుడో ఒకప్పుడు మతి కూడా దెబ్బతినవచ్చు. ఏది ఏ నెలలో వచ్చింది, ఎంత వేగంగా ముదిరింది, ఏ మాత్రకు తగ్గింది అన్నదాన్ని బట్టే వీటిని విడదీస్తారు.

పార్కిన్సన్స్‌లో మామూలుగా కదలికలు ముందు దెబ్బతింటాయి, మతి ఏండ్ల తర్వాత. లెవీ బాడీలో మతి ముందుగానో, కదలికలతో పాటుగానో పోతుంది. నడక మారిన ఏడాది లోపలే మతి కూడా తప్పితే లెవీ బాడీ అంటారు, ఏడాది దాటినాక తప్పితే పార్కిన్సన్స్ తాలూకు డిమెన్షియా అంటారు. మెదడులో పేరుకునే పదార్థం రెండిట్లోనూ ఒకటే, 1912లో ఫ్రెడరిక్ లెవీ గుర్తించిన గుండ్రటి ముద్దలు. మందులూ ఇంచుమించు అవే. కాబట్టి ఆ ఏడాది గీత దగ్గర మరీ తల బద్దలుకొట్టుకోనక్కర్లేదని నా అభిప్రాయం. కానీ మిగతా జబ్బుల నుంచి ఈ రెండింటినీ వేరు చేయడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే అక్కడ మందే మారిపోతుంది.

తారీఖులు గుర్తులేని ఇంట్లో వాటిని రాబట్టడానికి పండగలే దారి. అమ్మను, అన్నను, చెల్లెలిని విడివిడిగా కూర్చోబెట్టి అడిగినాను. అందరినీ ఒకచోట కూర్చోబెడితే పెద్దగొంతు ఉన్నవాళ్ల మాటే నిలుస్తుంది. 2022 సంక్రాంతికి గ్యాసు మాత్రలు మొదలు. ఉగాదికి గుడికి పోయేటప్పుడు అడుగులు ఈడ్చినాడు. గూగూడు పీర్ల పండగ జనంలో దారి తప్పినాడు. దీపావళికి వరండాలో ఎవరో పిల్లోళ్లు కూర్చున్నారన్నాడు. పీర్ల పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, కాబట్టి దాన్ని క్యాలెండరు చూసి ఇంగ్లీషు నెలలోకి మార్చుకోవాలి. ఆ ఏడు అది ఆగస్టులో పడింది. మొత్తం ఒక పేజీకి వచ్చింది. డాక్టరు అర నిమిషంలో చదివి, మిగతా సమయమంతా పేషెంటు మీద పెట్టినాడు.

ఆ పేజీ తయారవుతున్నప్పుడే అన్న ఒక మాట అన్నాడు, చేయి వణుకు నాలుగేండ్ల నాటిదని. అదే నిజమైతే లెక్క మొత్తం పార్కిన్సన్స్ వైపు తిరుగుతుంది. విడమరిచి అడిగితే తేలిందేమంటే, టీ గ్లాసు పట్టుకున్నప్పుడే వణికేది. ఒళ్లో ఊరికే పెట్టుకున్న చేయి వణకడం పార్కిన్సన్స్ గుర్తు. పని చేసేటప్పుడే వణకడం ఎక్కువగా వేరే జాతి. "చేయి వణుకుతుంది" అని చెప్పి ఊరుకోకుండా, ఎప్పుడు వణుకుతుందో చెప్పాలి.

నిద్ర గురించి మేము చెప్పనే లేదు, డాక్టరే అడిగినాడు. జవాబు అమ్మ దగ్గర ఉంది. ఆరేడేండ్లుగా తెల్లవారుజామున కేకలు వేయడం, కాళ్లతో తన్నడం, ఒకసారి మంచం మీద నుంచి దూకడం. లేపితే వెంటనే తేరుకుని, దొంగలు తరుముతున్నారని కల చెప్పేవాడు. పీడకలలని తాయెత్తు కట్టించినారు. కలలు వచ్చే నిద్రలో ఒళ్లు మామూలుగా చచ్చుబడి ఉంటుంది, ఆ తాళం ఊడిపోవడమే ఇది. మతిమరుపుకు ఏండ్ల ముందే కనపడుతుంది, అల్జీమర్స్‌లో అరుదు. మలబద్ధకం, వాసన తెలియకపోవడం కూడా ఇట్లే ముందుగా వచ్చేవే. తిరగమోత మాడుతున్నా పక్కనే కూర్చున్న మనిషికి తెలియకపోవడాన్ని ఇంట్లో ఎవరూ జబ్బు అనుకోరు.

తారీఖుల పేజీ తర్వాత డాక్టరుకు ఇవ్వాల్సిన రెండోది మాత్రల జాబితా. ఇక్కడ నా తప్పే ఉంది, ఆ గ్యాసు మాత్రలు నా అంగడివే. కడుపు ఉబ్బరానికి రాబెప్రజోల్‌తో కలిపి వచ్చే లెవోసల్పిరైడ్ 75 మిల్లీగ్రాములది, రోజుకొకటి, తొమ్మిది నెలలు మింగినాడు. లెవోసల్పిరైడ్ మెదడులో కదలికలను నడిపే డోపమైన్ పనిచేసే చోటును మూసేస్తుంది, అందుకే పైకి అచ్చం పార్కిన్సన్స్‌లాగే కనపడుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, తలతిప్పుకు నెలల తరబడి వాడే సిన్నారిజిన్, తలనొప్పికి వాడే ఫ్లునారిజిన్, ఇవన్నీ ఆ కోవవే. ఇవి మింగుతున్న మనిషికి రెండు పక్కలా ఒకేసారి బిగుసుకుంటే ముందు మాత్ర ఆపి చూడాలి. ఆపిన మర్నాడే తగ్గదు, వారాలు పడుతుంది, ఒక్కోసారి ఆరు నెలలు. చాలామంది నెల చూసి, తగ్గలేదు కాబట్టి మాత్ర తప్పు కాదనుకుంటారు. మా నాయనకు నాలుగు నెలల్లో సగం తగ్గి అక్కడే ఆగిపోయింది. మిగిలిన సగం లోపల ముందునుంచే ఉన్న జబ్బు, మాత్ర దాన్ని బయటికి లాగిందని అర్థం.

జాబితాలో ఆకు మందులు కూడా రాయాలి. పార్కిన్సన్స్ మాత్రల్లో ఉండే లెవోడోపా దూలగొండి గింజల్లో సహజంగానే ఉంటుంది. పొడి తింటూ డాక్టరుకు చెప్పకపోతే, మాత్రల మోతాదు లెక్క తప్పుతుంది. మాత్రలు ఎట్లున్నవి అట్లే, ఖాళీ పట్టీలతో సహా, సంచిలో వేసుకుని పోవడం మేలు.

పరీక్ష గదిలో జరిగేది పైకి చూస్తే ఆటలా ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు పెద్దగా చాచి టకటకా కొట్టమంటారు. పదిసార్లకే కదలిక చిన్నదై ఆగిపోతుంటే అది మందగించడం. ఉత్త బలహీనత అయితే చిన్నదవదు. వెనక నిలబడి భుజాలు పట్టి గట్టిగా లాగుతారు. ఒకటి రెండడుగుల్లో నిలదొక్కుకుంటే సరే, కొయ్యలా వెనక్కి పడిపోతే లెక్క వేరు. పడుకోబెట్టి అయిదు నిమిషాలాగి బీపీ చూసి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూస్తారు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే, నిలబడినప్పుడు కళ్లు బైర్లు కమ్మడానికి కారణం దొరికినట్టే. రద్దీలో ఈ పరీక్ష జారిపోయేది ఎక్కువ. ఇంట్లో బీపీ మిషను ఉంటే మూడు రోజులు చూసి రాసుకుపోవచ్చు. నిలబెట్టేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి.

కళ్ల పరీక్ష పి.ఎస్.పి. కోసం. తల కదపకుండా కిందికి చూడమంటే చూపు దిగదు, కానీ డాక్టరు తల పట్టి పైకీ కిందికీ ఊపితే గుడ్లు కదులుతాయి. అంటే కంటి కండరం బాగానే ఉంది, పైనుంచి రావలసిన ఆజ్ఞ రావడం లేదు. ఈ జబ్బును స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్‌షెవ్‌స్కీ 1964లో వివరంగా రాసినారు. ఇంట్లో దీని గుర్తులు మెట్లు దిగేటప్పుడు తప్పటడుగు, తట్టలో సంగటి చొక్కా మీద పడటం, మొదటి రెండు మూడేండ్లలోనే వెనక్కి వెనక్కి పడిపోవడం. పార్కిన్సన్స్‌లో ఇంత తొందరగా పడరు. మొదటి ఏడాదిలోనే పడుతున్నారంటే ఆ మాట డాక్టరు చెవిన గట్టిగా వేయాలి.

మొదట్లోనే మూత్రం అదుపు తప్పి, నిలబడగానే బీపీ బాగా పడిపోతూ, మతి మాత్రం చాలావరకు నిలిచి ఉంటే ఎం.ఎస్.ఏ. వైపు చూస్తారు. ఒక చేయి మాత్రమే మొండికేసి, బొత్తాం పెట్టుకోవడం లాంటి తెలిసిన పనే మరిచిపోయి, ఆ చేయి తన మాట వినడం లేదని పేషెంటే అంటే అది సి.బి.డి. (కార్టికోబేసల్ డీజెనరేషన్) అనుకుంటారు. నడుము పైన బాగుండి, కాళ్లు మాత్రం నేలకు అతుక్కున్నట్టు నడిస్తే రెండు అనుమానాలు: బీపీ, షుగరు ఏండ్లుగా ఉన్నవాళ్లలో రక్తనాళాల జబ్బు, లేదా ఎన్.పి.హెచ్.

ఎన్.పి.హెచ్. గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వీటిలో ఆపరేషనుతో తిప్పుకోగలిగింది అదొక్కటే. 1965లో హకీమ్, ఆడమ్స్ రాసిన మూడు గుర్తులే ఇప్పటికీ ఆధారం: నడక, మూత్రం, మతి. ముందు చెడేది మామూలుగా నడకే. స్కానులో మెదడు గదుల వెడల్పును పుర్రె లోపలి వెడల్పుతో భాగిస్తే 0.3 దాటుతుంది. కానీ ముసలితనంలో మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దవిగానే కనపడతాయి. అందుకని వెన్నులోంచి 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, తీయకముందూ తీసిన తర్వాతా పది మీటర్లు నడిపించి గడియారం పెట్టి చూస్తారు. నడక తేరుకుంటే, నీటిని పొట్టలోకి మళ్లించే గొట్టం వేస్తారు. ఈ నడకను ఫోనులో వీడియో తీసుకోండి. "కొంచెం బాగైనట్టుంది" అన్న మాట కంటే సెకన్ల లెక్క నమ్మకం.

రక్తపరీక్షలు చవక, చేయించక తప్పవు: బి12, థైరాయిడ్, సోడియం, కాల్షియం, క్రియాటినిన్, లివరు, షుగరు, సిఫిలిస్‌కు చేసే వి.డి.ఆర్.ఎల్., హెచ్.ఐ.వి. చివరి రెండింటి పేరు చూసి ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. పాత సిఫిలిస్ మతిమరుపు తెస్తుంది, దానికి మందు ఉంది, అందుకే అడుగుతారు. బీపీకి నీటి మాత్రలు వాడేవాళ్లలో సోడియం పడిపోయి మనిషి అయోమయమైతే, వారంలో సరిదిద్దగలిగినదాన్ని ముసలితనం కింద జమకట్టేస్తారు. నలభై లోపు వయసులో ఇలాంటి కదలికల జబ్బు వస్తే రాగి పేరుకునే విల్సన్స్ జబ్బు కోసం సెరులోప్లాస్మిన్ అనే రక్తపరీక్ష, కంటి పరీక్ష తప్పనిసరి. తండ్రికో తల్లికో ఉండి, చేతులు కాళ్లు ఆడుతున్నట్టు వాటంతటవే కదిలితే హంటింగ్టన్స్. అది జన్యు పరీక్షతోనే తేలుతుంది, ఆ పరీక్షకు ముందు కుటుంబమంతా ఒకసారి మాట్లాడుకోవాలి.

ఎం.ఆర్.ఐ. మీద మాకున్న ఆశ వేరు, అది చేసే పని వేరు. రిపోర్టులో "వయసుకు తగ్గ కుంచింపు" అని ఉంటే స్కాను వృథా అని కాదు. గడ్డ లేదు, పాత దెబ్బకు పేరుకున్న రక్తం లేదు, నీరు పెరగలేదు అని తేల్చడమే దాని మొదటి పని. పడిపోయిన ముసలివాళ్లలో పుర్రె కింద మెల్లగా చేరే రక్తం నెల తర్వాత కూడా బయటపడవచ్చు. ఇక రిపోర్టులో రాయనివి డాక్టరు ఫిలింలో వెతుకుతాడు: పక్కనుంచి చూసినప్పుడు మధ్యమెదడు సన్నబడి పిట్ట ముక్కులా కనపడటం పి.ఎస్.పి.కి, అడ్డంగా చూసినప్పుడు మెదడు కాండంలోని పాన్స్ అనే భాగంలో కూడిక గుర్తులాంటి తెల్ల గీతలు ఎం.ఎస్.ఏ.కి, జ్ఞాపకం నిలిపే హిప్పోకాంపస్ తొందరగా కరగడం అల్జీమర్స్‌కి. లెవీ బాడీలో ఆ భాగం మొదట్లో చాలావరకు నిలిచే ఉంటుంది. అందుకే సీడీ మాత్రమే కాదు, ఫిలిం కూడా అడిగి తీసుకోవాలి.

మతి పరీక్ష ఏ భాషలో జరిగిందన్నది పెద్ద విషయం. ఒకచోట సగం కన్నడం, సగం తెలుగులో అడిగితే నాయనకు 30కి 14 వచ్చినాయి. రెండు వారాల తర్వాత పూర్తిగా తెలుగులో చేస్తే 19. తారీఖు అడిగితే దశమి అన్నాడు, నెల అడిగితే శ్రావణం అన్నాడు. ఆ రోజు అవి రెండూ సరైనవే, కానీ మొదటిచోట సున్నా పడింది. భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన పరీక్షల వరసలో తెలుగు కూడా ఉంది, కాబట్టి తెలుగులోనే చేయమని అడగడానికి మొహమాటపడొద్దు. ఏ తరగతి వరకు చదివినాడో, ఏ పని చేసినాడో ముందే చెప్పాలి. చెనక్కాయల మండీలో ముప్పై ఏండ్లు గుమాస్తాగా ఉన్న మనిషి వందలోంచి ఏడేడు తీసేయలేకపోవడానికీ, బడికి పోని మనిషి తీసేయలేకపోవడానికీ చాలా తేడా ఉంది. అంకె కంటే తప్పుల తీరు ఎక్కువ చెప్తుంది. మూడు మాటలు గుర్తుపెట్టుకోమని, కాసేపటికి అడిగితే రాలేదు. "పండు పేరు" అని అందిస్తే చప్పున చెప్పినాడు. అల్జీమర్స్‌లో అందించినా చాలాసార్లు రాదు. బొమ్మ చూసి గీయమంటే మాత్రం గీతలు ఎటో పోయినాయి. లెవీ బాడీలో చూపుతో కొలిచే పని, ధ్యాస ముందు చెడతాయి.

మతి ఒకసారి బాగుండి ఒకసారి తప్పే ఎక్కుదిగుడు గురించి అడిగినప్పుడు "ఒక్కోరోజు బాగుంటాడు" అంటే సరిపోదు. పగలు రెండు గంటలకు మించి నిద్రా, ఎప్పుడూ మగతగా ఉంటాడా, ఒకే దిక్కు చాలాసేపు చూస్తూ ఉండిపోతాడా, మాట వరస తప్పి గందరగోళమయ్యే సమయాలున్నాయా అని నాలుగు అడిగినారు. వీటిలో మూడు ఉంటే లెవీ బాడీ వైపు మొగ్గుతారు. 2017 నాటి నియమాల ప్రకారం, మతి క్షీణించిన మనిషిలో ఈ ఎక్కుదిగుడు, స్పష్టంగా కనపడే భ్రమలు, కలల్లో తన్నడం, పార్కిన్సన్స్ లాంటి కదలికలు అన్న నాలుగు ప్రధాన గుర్తుల్లో రెండుంటే "లెవీ బాడీ కావచ్చు" దాటి "దాదాపు ఖాయం" అని రాస్తారు. నూటికి నూరుపాళ్లు చెప్పేది మెదడు ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడే.

మరి మెదడులో డోపమైన్ నరాలు ఎంత మిగిలినాయో చూపే ట్రోడాట్ స్కాను దేనికి? మా విషయంలో మిగిలిన సగం బిగుసుకుపోవడం మాత్ర తాలూకుదా, జబ్బుదా అని తేల్చడానికి. నరంలోకి మందు ఎక్కించి మూడు నాలుగు గంటలు ఆగి, అరగంట పైగా కదలకుండా పడుకోబెట్టి తీస్తారు. మాత్రల వల్లనైతే బొమ్మ మామూలుగా వస్తుంది, అల్జీమర్స్‌లోనూ అంతే. లెవీ బాడీ, పార్కిన్సన్స్, పి.ఎస్.పి., ఎం.ఎస్.ఏ.లో వెలుగు తగ్గుతుంది. ఈ నాలుగింటిలో ఏదో మాత్రం అది చెప్పదు. అందుకని అప్పటికే అన్ని గుర్తులూ తేటగా ఉన్నవాళ్లు 210 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఆ డబ్బు పెట్టాల్సిన పని లేదు. బెంగళూరు పోయేముందు "ఈ స్కాను ఏ రెండిటి మధ్య తేల్చడానికి?" అని అడగండి. జవాబు ఒక్క వాక్యంలో రాకపోతే ఆగండి.

ఇక ప్రాణం మీదికి వచ్చేది. భ్రమలు ఎక్కువైన రాత్రి ఒకచోట హాలోపెరిడాల్ ఇచ్చినారు. మర్నాటికి మనిషి కట్టెలా బిగుసుకుపోయి గుక్క నీళ్లు మింగలేకపోయినాడు. తేరుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. లెవీ బాడీ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ జాతి మందులు పడవు, జ్వరంతో ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. తప్పనిసరైతే క్వెటియాపిన్ 12.5 మిల్లీగ్రాములు, అంటే 25 మాత్రలో సగం, రాత్రిపూట మొదలుపెడతారు. దానికంటే ముందు చూడాల్సింది మూత్రంలో ఇన్ఫెక్షను, మలబద్ధకం, సోడియం, కొత్తగా చేర్చిన మాత్ర. భ్రమలు ఎక్కువైన రాత్రుల్లో చాలా వాటి వల్లే. పిల్లోళ్లు కూర్చున్నారంటే కాదని వాదించడం కంటే, లైటు వేసి ఆ మూలన ఆరేసిన తువ్వాలు తీసేస్తే చాలాసార్లు పోతారు.

మందులు రెండు దిక్కులా లాగుతాయి. లెవోడోపా నడకకు మంచిది, భ్రమలకు చెడ్డది. లెవోడోపా 100, కార్బిడోపా 25 మిల్లీగ్రాములు కలిసిన మాత్రలో సగం రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, రెండేసి వారాలకు పెంచినారు. రోజుకు మూడు పూర్తి మాత్రలకు పోగానే భ్రమలు పెరిగినాయి, రెండుకు దించినారు. తిండికి అరగంట ముందు వేయాలి, పప్పుతోనో పాలతోనో వేస్తే సరిగా పని చేయదు. మాత్ర పనిచేయలేదు కాబట్టి పార్కిన్సన్స్ కాదు అనాలంటే మతి బాగున్నవాళ్లలో రోజుకు 600 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా పోయి నెలకు పైగా చూడాలి. 150 వేసి వారంలో తేల్చేసిన తీర్పుకు విలువ లేదు. వణుకుకు పాతకాలం నుంచి రాసే ట్రైహెక్సీఫెనిడిల్ మతిని ఇంకా మసకబారుస్తుంది. ఈ వయసులో దాన్ని ఎవరైనా రాస్తే మళ్లీ అడగండి.

మతికి రివాస్టిగ్మిన్, 1.5 మిల్లీగ్రాములు రెండుపూటలా తిండి తర్వాత. మొదలుపెట్టే ముందు ఈ.సి.జి. తీసి నాడి మరీ మెల్లగా లేదని చూస్తారు. వాంతులు, ఆకలి చచ్చిపోవడం మామూలు. తట్టుకోలేకపోతే అతికించే పట్టీ ఉంది, 4.6తో మొదలుపెట్టి 9.5కు పోతారు. పట్టీని వీపు మీద, తన చేయి అందని చోట వేసి, రోజూ చోటు మార్చాలి. పాతది తీయకుండా కొత్తది అంటించడం వల్ల మోతాదు రెట్టింపై నాడి పడిపోతుంది, కాబట్టి పాతది తీయగానే పుస్తకంలో తారీఖు రాసుకుంటే తప్పు జరగదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో పార్కిన్సన్స్ పేరుంది, డిమెన్షియా పేరు విడిగా లేదు. సదరం పరీక్షకు పోయేవాళ్లు మతి సంగతితో పాటు నడక, బిగుసుకుపోవడం కూడా రాసిన కాగితం అడిగి తీసుకోవాలి.

మా ఫైలు మొదటి పేజీలో ఇప్పుడు పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించి ఉంది: హాలోపెరిడాల్, మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, లెవోసల్పిరైడ్, ప్రొమెథజిన్, ట్రైహెక్సీఫెనిడిల్ వద్దు. వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్, లేదా ఈ.సి.జి. చూసి డోంపెరిడోన్. అదే చీటీ ఇంకొకటి నాయన చొక్కా జేబులో ఉంటుంది. ఉతికేటప్పుడు తీసి మళ్లీ పెట్టడం అమ్మ పని.